గుడి లేని కొండ

తెలుగువాడు కొండెక్కాడంటే పైన దేవుడున్నట్టే లెక్క. తిరుమలలో వెంకన్న, సింహాచలంలో అప్పన్న, అన్నవరంలో సత్యనారాయణస్వామి, బెజవాడ ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ, మంగళగిరిలో పానకాలస్వామి, యాదగిరిగుట్టలో నరసింహస్వామి. కొండకో దేవుడు, దేవుడికో ప్రసాదం, ప్రసాదానికో క్యూ. మెట్ల మీద ఆయాసం వస్తే గోవింద కొట్టొచ్చు. మోకాళ్ళు నొప్పెడితే మొక్కు ఖాతాలో రాసుకోవచ్చు. పైన ఏ దేవుడూ లేని కొండను సొంత ఖర్చుతో, ఒంటరిగా, అందులోనూ మంచులో ఎక్కే ఆచారం మన ఇళ్ళలో లేదు.

అందుకే అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, నాషువా ఊళ్ళో కాపురముంటున్న ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, అక్టోబరు నెలలో ఒక శనివారం నాడు తానొక్కడే వాషింగ్టన్ పర్వతం ఎక్కి రాత్రి భోజనానికి ఇంటికొచ్చేస్తానని ప్రకటించినప్పుడు, తెనాలి నుంచి వాళ్ళమ్మ వీడియో కాల్లో సూటిగా అసలు విషయంలోకి వచ్చేసింది.

“పైన గుడి ఉందా నాయనా?”

“లేదమ్మా.”

“పోనీ ఎవరైనా మహానుభావులు తపస్సు చేసిన చోటా?”

“వాతావరణ పరిశీలన కేంద్రం ఉందమ్మా. 1932 నుంచీ అక్కడ గాలి కొలుస్తున్నారు.”

“గాలి కొలవడానికి అంత పైకెక్కడం దేనికిరా? మన డాబా మీద వీస్తూనే ఉందిగా!”

ఈ ఆసామి పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే జీవిత బీమా కంపెనీ వాళ్ళు చదువుతారని ఆయన బెంగ. మనవాడు అనుకుంటే సరిపోతుంది.

వాషింగ్టన్ పర్వతం ఎత్తు 6,288 అడుగులు, అంటే 1,917 మీటర్లు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో దీన్ని మించిన శిఖరం లేదు గానీ, ప్రపంచ పర్వతాల వరసలో దీనికి బెంచీ మీద చోటు కూడా దొరకదు. ఎవరెస్టులో నాలుగో వంతు లేదు. తూర్పు కనుమల్లో మన జిందగడ శిఖరమే దాదాపు 1,690 మీటర్లుంటుంది. ఈ లెక్కలన్నీ మనవాడు వాళ్ళావిడ ముందు పరిచాడు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకుండానే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిందని కూడా గుర్తుచేశాడు.

“ఆ పిల్ల భువనగిరి గుట్ట మీద రాళ్ళెక్కడం నేర్చుకుంది. డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుంది. లదాఖ్ చలిలో అలవాటు పడింది. పైగా పక్కన తోటి ఆరోహకుడు ఆనంద్‌కుమార్ ఉన్నాడు,” అంది ఆవిడ. “మీకేముంది?”

మనవాడికి ఎక్సెల్ షీట్ ఉంది.

ఆ షీట్‌కు మూలపురుషుడు విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పెద్దమనిషి. కొండ దారిలో ఎంతసేపు పడుతుందో తేల్చడానికి ఆయన 1892లో ఒక సూత్రం చెప్పాడు. ఈ కొండ ఉన్న వైట్ మౌంటెన్స్‌కు గైడ్ పుస్తకం వేసేవాళ్ళు అలాంటి లెక్కనే వాడతారు: మైలుకు అరగంట, ఎక్కే ప్రతి వెయ్యి అడుగులకు మరో అరగంట. కింద పింకమ్ నాచ్ అనే చోట కారు ఆపి టకర్మన్ రవీన్ దారి పట్టుకుంటే శిఖరం 4.2 మైళ్ళు, ఎక్కాల్సిన ఎత్తు 4,250 అడుగులు. రెండూ కలిపితే నాలుగుంపావు గంటలు. తిరుపతి నుంచి తిరుమలకు మెట్ల దారిన ఎక్కే ఎత్తుకు ఇది రెట్టింపుకు కొంచెం తక్కువ. చిన్నప్పుడు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కినవాడికి ఇదేం లెక్క అని మనవాడి ధీమా. అలిపిరి దారిలో మెట్లుంటాయని, మెట్ల మీద పైకప్పు ఉంటుందని, దారి పొడవునా ఎవరో ఒకరు మజ్జిగో మామిడికాయ ముక్కలో అమ్ముతుంటారని షీట్‌లో ఏ గడిలోనూ లేదు.

ఆవిడ షీట్ తెరిచి మరో రెండు గడులు చేర్చింది. ఒకటి “ఫొటోలు”. రెండోది “ఆయాసం, ఆత్మపరిశీలన”. రెండింటికీ కలిపి గంట వేసింది. తర్వాత తేలిందేమిటంటే, నైస్మిత్ లెక్క కన్నా ఆవిడ లెక్కే సరిగ్గా ఉంది.

ఇంత పొట్టి కొండకు అంత పేరెందుకంటే కారణం గాలి. పసిఫిక్ వైపు నుంచి, దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి, అట్లాంటిక్ తీరం వెంబడి వచ్చే తుపాను దారులు ఈ చుట్టుపక్కలే కలుస్తాయి. పడమటి గాలికి ఈ శిఖరాల వరస అడ్డంగా నిలబడి ఉంటుంది. అడ్డం వచ్చిన గోడ మీదుగా ఎగబాకేటప్పుడు గాలి ఇరుకునపడి వేగం పుంజుకుంటుంది. ఏడాదిలో సగటున వంద రోజులకు పైగా ఇక్కడ హరికేన్ స్థాయి గాలులు, అంటే గంటకు 74 మైళ్ళకు మించినవి, నమోదవుతుంటాయి. మంచు కురవని నెలంటూ ఏదీ లేదు. 2023 ఫిబ్రవరిలో గాలీ చలీ కలిసి ఒంటికి తగిలే చలి మైనస్ 108 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడిపోయింది. సెల్సియస్‌లో చెప్పాలంటే మైనస్ 78.

గుడి లేని ఈ కొండ మీద గాలే మూలవిరాట్టు. దానికి అర్చకులు వాతావరణ కేంద్రం ఉద్యోగులు. 1934 ఏప్రిల్ 12న గాలి తన విశ్వరూపం చూపించింది: గంటకు 231 మైళ్ళు. అప్పుడు కొలిచే పరికరానికి మంచు పేరుకుపోతుంటే వెండెల్ స్టీఫెన్సన్ అనే ఉద్యోగి దుడ్డుకర్ర పట్టుకుని ఆ గాలిలోనే పైకెక్కి మంచు బాది వచ్చాడు. ఇంతటి అభిషేకం చేసిన పూజారి మన దేశంలోనూ ఉండడు. ఆ రికార్డు ఆరు దశాబ్దాలు నిలిచింది. 1996లో ఆస్ట్రేలియా దగ్గర బారో దీవిలో ఒక తుపాను 253 మైళ్ళు కొట్టి దాన్ని దాటేసింది. అక్కడ కొలిచింది మనిషి కాదు, యంత్రం. కాబట్టి మనిషి దగ్గరుండి చూసిన గాలుల్లో ఇప్పటికీ మాదే పైచేయి అంటారు వాషింగ్టన్ కొండవాళ్ళు.

ఇక్కడ ప్రదక్షిణ కూడా ఉంది. గాలి గంటకు వంద మైళ్ళు దాటినప్పుడు కేంద్రం డెక్ చుట్టూ పడకుండా, తూలకుండా ఒక చుట్టు తిరిగి వచ్చిన ఉద్యోగిని ‘సెంచరీ క్లబ్’లో చేర్చుకుంటారు. చాలామంది చేసింది అంగప్రదక్షిణే.

దేవుడు తప్ప కొండకు కావాల్సిన హంగులన్నీ ఉన్నాయి. 1861 నుంచి పైదాకా రోడ్డుంది, 7.6 మైళ్ళు. ఎక్కిన కారుకు “ఈ కారు వాషింగ్టన్ పర్వతం ఎక్కింది” అని స్టిక్కరిస్తారు. సొంత కాళ్ళ మీద ఎక్కినవాడికి ఏమీ ఇవ్వరు. పడమటి వైపు నుంచి 1869లో మొదలైన పళ్ళచక్రాల రైలుంది. కొండెక్కడానికి కట్టిన ఇలాంటి రైళ్ళలో ప్రపంచంలోనే అది మొదటిది. సిల్వెస్టర్ మార్ష్ అనే ఆయన ఈ కొండ మీద తుపానులో చిక్కి చావు తప్పించుకున్నాక, మర్యాదగా పైకి వెళ్ళే మార్గం ఉండాలని పట్టుబట్టి కట్టించాడు. అనుమతి కోసం శాసనసభకు వెళ్తే, ఇస్తే చంద్రమండలం దాకా ఇచ్చేద్దామని సభ్యులు ఎగతాళి చేశారట. వేసవిలో పైన క్యాంటీన్, మ్యూజియం, పోస్టాఫీసు, ఫొటో బోర్డు దగ్గర క్యూ. క్యూ చూస్తే మనవాళ్ళకు ప్రాణం లేచొస్తుంది.

కానీ అక్టోబరులో మొదటి మంచు పడగానే ఈ హంగులు ఒక్కొక్కటే మాయమవుతాయి. మంచు గడ్డకడితే రోడ్డు మూస్తారు. రైలు పైదాకా రాకపోవచ్చు. క్యాంటీన్‌కు తాళం. కింద లోయలో మాత్రం మేపుల్ ఆకులు ఎర్రగా, పసుపుగా మెరుస్తూ, బాస్టన్ నుంచి వచ్చిన కుటుంబాలు స్వెట్టర్లలో ఫొటోలు దిగుతుంటాయి. ఆకులు చూడ్డానికి వచ్చిన దారినే అలా పైకి పోయినవాళ్ళు చిక్కుల్లో పడేది సరిగ్గా ఈ రోజుల్లోనే.

ఈ కొండల్లో నమోదైన చావుల జాబితాలో మొదటి పేరు ఫ్రెడరిక్ స్ట్రిక్‌ల్యాండ్. ఇంగ్లండ్ నుంచి వచ్చిన 29 ఏళ్ళ యువకుడు. 1849 అక్టోబరులో ముందుగా వచ్చిన మంచు తుపానులో తోడున్నవాళ్ళు వెనక్కి తిరిగితే, ఆయనొక్కడే ముందుకెళ్ళాడు. దారి తప్పి అమ్మనూసక్ రవీన్ అనే లోయలో శవమై దొరికాడు. అప్పటి నుంచి ఈ శ్రేణిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు 150 మందికి పైనే. ఒంటరి, అక్టోబరు, మొదటి మంచు అన్న మూడు మాటలూ మొదటి పేరులోనే ఉన్నాయని ఆవిడ ఎత్తిచూపింది. మల్లి మస్తాన్ బాబు సంగతి కూడా ఆవిడే తీసింది. నెల్లూరు జిల్లా పల్లెటూరు నుంచి ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం దాకా చదివి, 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కినవాడు. అంతటివాడు 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్ళి, వాతావరణం చెడి, తిరిగి రాలేదు. దీనికి మనవాడి షీట్‌లో జవాబు లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరుగుతానని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ప్రయాణానికి అనుమతి దొరికింది.

ఆ తర్వాత ఏర్పాట్లు. న్యూ హాంప్‌షైర్‌లో కొండల్లో తప్పిపోయినవాళ్ళను వెతికే బాధ్యత ఫిష్ అండ్ గేమ్ శాఖది. పేరుకు చేపలూ వేటా, పనికి మనుషుల గాలింపు. అజాగ్రత్త వల్ల చిక్కుకున్నారని తేలితే గాలింపు ఖర్చు వాళ్ళ దగ్గరే రాబట్టే చట్టం ఉంది. 2015 నుంచి హైక్ సేఫ్ కార్డు అమ్ముతున్నారు: మనిషికి 25 డాలర్లు, కుటుంబానికి 35. కార్డుంటే మామూలు అజాగ్రత్తకు ఖర్చు అడగరు, మరీ తెగించిన మూర్ఖత్వమైతే అడుగుతారు. మనవాడు కుటుంబం కార్డే కొన్నాడు. ఇంట్లో ఇంకెవరూ కొండ మొహం చూడరని తెలిసినా, తలసరి లెక్కన అదే చవక. అజాగ్రత్తకూ మూర్ఖత్వానికీ మధ్య చట్టం గీసిన గీతకు ఆయన ఏ వైపున ఉన్నాడో ఆవిడ అడక్కుండానే చెప్పింది.

బట్టల దగ్గర అసలు త్యాగం చేయాల్సి వచ్చింది. మంచు కొండల మీద నూలు బట్ట పనికిరాదు. చెమటకు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. కాబట్టి ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ తొడగాలి. బుద్ధెరిగాక బనియను లేకుండా గడప దాటడం మనవాడికి అదే మొదలు. నెత్తికి మాత్రం వందల డాలర్ల సరుకు అక్కర్లేకపోయింది. వాళ్ళమ్మ కాశీయాత్రకు కొన్న మంకీ క్యాప్ సూట్‌కేసులో ఉంది. చెవులు, గడ్డం, మెడ కప్పి కళ్ళూ ముక్కూ మాత్రం వదిలే ఆ టోపీని పర్వతారోహకులు వేరే పేరుతో, పది రెట్ల ధరకు కొంటారు. బూట్లకు తగిలించుకునే మైక్రోస్పైక్స్, నెత్తిన లైటు, మ్యాపు, దిక్సూచి, గాలి దూరని కోటు, అదనంగా ఒక జత చేతి తొడుగులు సంచిలో చేరాయి.

తిండి సంగతి ఆవిడ చూసింది. పులిహోర, జంతికలు, సున్నుండలు. ఒక స్టీలు ఫ్లాస్కు నిండా మిరియాల చారు.

పింకమ్ నాచ్ ఎత్తు 2,032 అడుగులు. తెల్లవారుతుండగా అక్కడ 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే నాలుగైదు డిగ్రీల సెల్సియస్. చల్లగా, హాయిగా ఉంది. పైకి వెళ్ళేకొద్దీ వెయ్యి అడుగులకు మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున తగ్గుతుందని లెక్క. ఆ ప్రకారం పైన 25. దానికి 50 మైళ్ళ గాలి తోడైతే ఒంటికి తగిలేది 4 డిగ్రీలు, సెల్సియస్‌లో మైనస్ 15. ఫోన్‌లో ఉండే మామూలు వాతావరణం యాప్ ఇదంతా చెప్పదు, అది లోయలోని ఊరి సంగతి చెప్పి సూర్యుడి బొమ్మ చూపిస్తుంది. శిఖరాల కోసం వాతావరణ కేంద్రం రోజూ వేరే సూచన రాస్తుంది. అది మనవాడి కన్నా ముందు నాషువాలో ఆవిడ చదివేసింది. “గాలి 40 నుంచి 55, పొగమంచు, మధ్యాహ్నానికి తగ్గొచ్చు. మంకీ క్యాప్ తీయొద్దు,” అని మెసేజ్ పెట్టింది.

మొదటి గంట అడవిలో. క్రిస్టల్ క్యాస్కేడ్ జలపాతం దాటాక దారి రాళ్ళమయం. బూట్ల కింద తడి ఆకులు. వేడెక్కుతోందని కోటు విప్పాలి, ఆగగానే చలేస్తోందని తొడగాలి. చెమట పట్టకుండా నడవాలి కాబట్టి చలితోనే బయల్దేరాలని అనుభవజ్ఞులంటారు. చలితో బయల్దేరడమంటే మన ఇళ్ళలో జలుబుకు ఎదురెళ్ళడమే. మూడు వేల అడుగులు దాటాక రాళ్ళ మీద తెల్లటి పూత కనిపించింది, ఇంకాస్త పైన చీలమండల దాకా మంచు వచ్చింది.

మొదటి మంచుకు ఒక దుర్గుణం ఉంది. జనవరిలో మంచు లోతుగా పడి రాళ్ళ సందుల్ని పూడ్చేస్తుంది. అక్టోబరు మంచు సందుల్ని పూడ్చదు, కప్పుతుంది. పైకి నున్నగా కనిపించే చోట అడుగేస్తే కాలు మోకాటి దాకా రెండు బండల మధ్యలోకి దిగిపోతుంది. రాత్రి కారిన నీరు రాళ్ళ మీద గాజుపొరలా గడ్డకట్టి ఉంటుంది. మైక్రోస్పైక్స్ వేసుకుంటే వట్టి రాయి మీద కీచుమంటూ జారతాయి, విప్పేస్తే మంచు మీద మనిషే జారతాడు. వేసుకోవడం, విప్పడం, మళ్ళీ వేసుకోవడం. వంగి లేచిన లెక్కన చూస్తే సూర్య నమస్కారాలు పూర్తయ్యాయి.

ఒంటరితనం మాత్రం అనుకున్నంత దొరకలేదు. అమెరికాలో ఒంటరిగా కొండెక్కడానికి వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, అందరూ ఒకే దారిలో ఉంటారు. డెబ్బై దాటిన ఒకావిడ చిన్న కుక్కతో అప్పటికే కిందికి దిగుతూ ఎదురైంది. పైన గాలి బాగుందని చెప్పింది. బాగుందంటే తక్కువగా ఉందని మనవాడు అనుకున్నాడు. ఆవిడ ఉద్దేశం వేరని అరగంటలో తెలిసింది.

హెర్మిట్ లేక్ దగ్గర దారి పరిస్థితులు రాసిన బోర్డుంది. టకర్మన్ రవీన్ పేరు లైకెన్లను అధ్యయనం చేసిన ఎడ్వర్డ్ టకర్మన్ అనే వృక్షశాస్త్రవేత్త నుంచి వచ్చింది. హిమానీనదం తొలిచిన ఆ గిన్నెలాంటి లోయ వెనక గోడ నిలువుగా ఉంటుంది. మంచు గడ్డకట్టిన రోజున అక్కడ జారితే ఆగడం కష్టం. అందుకని తెలివైనవాళ్ళు పక్కనున్న లయన్ హెడ్ దారి పడతారు. మనవాడు తెలివైనవాళ్ళలో చేరాడు. షీట్‌లో ఆ దారికి ప్రత్యేకంగా వరస కూడా ఉంది.

చెట్లు నడుం ఎత్తుకు, తర్వాత మోకాలి ఎత్తుకు కుంగాయి. ఆ తర్వాత చెట్లే లేవు. చెట్లు ముగిసే చోట పసుపు బోర్డొకటి ఉంటుంది: ముందున్నది అమెరికాలోకెల్లా అధ్వాన్నమైన వాతావరణం, వేసవిలో కూడా ఇక్కడ చలికి చచ్చిపోయారు, వాతావరణం బాగా లేకపోతే ఇప్పుడే వెనక్కి వెళ్ళండి. ఇంత నిక్కచ్చిగా రాసిన సర్కారు బోర్డు మన దేశంలో దొరకదు. మనవాడు దాని పక్కన నిలబడి ఫొటో తీసుకున్నాడు. ఆవిడ చేర్చిన గడి అలా ఉపయోగపడింది.

లయన్ హెడ్ గట్టు మీద, దాదాపు 5,000 అడుగుల దగ్గర, మూలవిరాట్టు దర్శనమైంది. మొదటి తోపుకే మనవాడు రెండడుగులు పక్కకు వెళ్ళాడు. గాలి వేగం రెట్టింపయితే తోపు నాలుగు రెట్లవుతుందని ఇంజనీరింగ్‌లో చదివిన పాఠానికి అప్పుడు ప్రాక్టికల్ జరిగింది. దారి గుర్తుగా పేర్చిన రాళ్ళ గుట్టలకు తెల్లటి ఈకలు మొలిచినట్టు రైమ్ మంచు పట్టింది. గడ్డకట్టకుండానే సున్నా కన్నా చల్లబడిన పొగమంచు చుక్కలు దేన్నైనా తగలగానే గడ్డకట్టడం వల్ల ఏర్పడేదది. ఆ ఈకలు గాలి వచ్చే వైపుకే పెరుగుతాయి. కాబట్టి రాయిని చూస్తే రాత్రి గాలి ఎటు నుంచి వీచిందో తెలుస్తుంది. కాసేపటికి మనవాడి మంకీ క్యాప్ చూసినా తెలిసింది.

ఒంట్లో వేడి పడిపోతున్నప్పుడు మొదట చేతులు మొద్దుబారతాయి, తర్వాత మాట, తర్వాత బుద్ధి. ఒంటరిగా ఉన్నవాడికి బుద్ధి మందగించిందని చెప్పేవాళ్ళుండరు. అందుకని బొటనవేలితో చిటికెనవేలు తాకించి చూసుకోవాలంటారు. మనవాడు దానికి తోడు పదిహేడో ఎక్కం అప్పగించుకున్నాడు. పదిహేడు ఏడుల దగ్గర ఆగిపోయాడు. అది మండుటెండలోనూ రాదు కనుక ఆ పరీక్ష ఫలితం చెల్లదని తీర్మానించుకున్నాడు. వేళ్ళు మాత్రం తాకాయి.

ఒక రాళ్ళ గుట్ట నుంచి ఇంకో గుట్ట కనిపిస్తేనే ముందుకు. కనిపించకపోతే మబ్బు విడేదాకా అక్కడే. ఈ పద్ధతిలో చివరి భాగం చాలాసేపే పట్టింది. 1855 సెప్టెంబరులో లిజీ బోర్న్ అనే 23 ఏళ్ళ అమ్మాయి ఈ కొండ మీదే, శిఖరం మీది బస కొన్ని వందల గజాల దూరంలో ఉందని తెలియక, రాత్రి చలిలో చనిపోయింది. తెల్లారాక వెంట ఉన్న బంధువులకు ఆ బస కళ్ళెదుటే కనిపించింది. ఆమె గుర్తుగా రైలు పట్టాల పక్కన రాయి ఉంది.

మధ్యాహ్నం పన్నెండు దాటుతుండగా మనవాడు శిఖరం చేరాడు. చుట్టుపక్కల ఏమీ కనిపించలేదు. భవనానికి తాళం. గాలికి ఎగిరిపోకుండా గొలుసులతో కొండకు కట్టేసిన చెక్క కట్టడం ఒకటి అస్పష్టంగా తేలింది. ఫొటో బోర్డు దగ్గర మాత్రం క్యూ ఉంది! కెనడా నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు గాలికి ఒకరినొకరు పట్టుకుని వంతు కోసం నిలబడ్డారు. మనవాడు మూడోవాడు. మనసు కుదుటపడింది.

వంతు వచ్చి ఫోన్ తీస్తే ఆరిపోయింది. చలికి లిథియం బ్యాటరీలో రసాయన చర్యలు మందగించి, ఛార్జింగ్ ఉన్నా ఫోన్ లేదంటుంది. పులిహోర మెతుకులు విడివిడిగా బిగుసుకున్నాయి. సున్నుండ గోలీ అయింది, ఎందుకంటే నెయ్యి గది చలికే పేరుకుంటుంది, అక్కడి చలికి రాయవుతుంది. జంతికలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. గోడ చాటున కూచుని ఫ్లాస్కు మూత తిప్పితే మిరియాల చారు ఆవిరి వచ్చింది. కెనడా కుర్రాళ్ళు ఇటు తిరిగారు. ఒక్కొక్క మూతెడు తాగి, ఇది ఏ కంపెనీదని అడిగారు. ఇంటి సరుకని చెప్పి మనవాడు ఇంకో మూతెడు పోశాడు. గుడి లేని కొండ మీద ప్రసాదం పంపిణీ ఆ విధంగా ముగిసింది.

దిగడం ఎక్కడం కన్నా సులువని అనుకునేవాళ్ళు ఎప్పుడూ దిగి ఉండరు. ఎక్కేటప్పుడు ఊపిరితిత్తులు చేసిన ఫిర్యాదులన్నీ దిగేటప్పుడు మోకాళ్ళు అందుకుంటాయి. అక్టోబరు మధ్యలో ఆరింటికే పొద్దు కుంకుతుంది. చీకటి పడకముందే మనవాడు పింకమ్ నాచ్ చేరాడు. అక్కడి నుంచి నాషువాకు రెండున్నర గంటల పైచిలుకు డ్రైవింగ్. ఇంటి ముందు కారాగింది గానీ మనిషి దిగలేదు. కాళ్ళు మడత విప్పుకోవడం లేదు. ఆవిడ వచ్చి చేయందించింది. రాత్రికి అమృతాంజనం సీసా బయటికొచ్చింది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మొదలుపెట్టిన ఆ మందు తెలుగువాళ్ళు ఎక్కడికి వలస వెళ్తే అక్కడికి వచ్చింది.

తెనాలిలో తెల్లవారింది. వీడియో కాల్.

“పైనుంచి ఏం కనిపించిందిరా?”

“తెల్లగా ఉందమ్మా.”

“ఇంకా?”

“అంతే.”

ఆవిడ పక్కనుంచి అందుకుంది. “వాతావరణ కేంద్రం వాళ్ళు కొండ మీద వెబ్‌క్యామ్ పెట్టారత్తయ్యా. నేనూ పొద్దుట్నుంచీ సోఫాలో కూచుని చూశాను. నాకూ తెల్లగానే కనిపించింది. పెట్రోలు ఖర్చు కాలేదు.”

ఈ తీర్పు మీద అప్పీలు లేదు. అయినా తీర్పు విన్నవాళ్ళందరూ కొండలు మానేయరు, మానేయాల్సిన పనీ లేదు. మొదటి మంచులో ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వెనక్కి తిరుగుతారో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి వెళ్ళండి. లోయ వాతావరణం కాదు, శిఖరం వాతావరణం చదవండి. నెత్తి లైటు పట్టుకెళ్ళండి, చారు పట్టుకెళ్ళండి. చెట్లు ముగిసే చోట గాలి వద్దంటే వెనక్కి రండి, కొండకు వచ్చే శనివారం కూడా సెలవు లేదు. మీరు తప్పిపోయిన రాత్రి లైట్లు వేసుకుని వెతకడానికి వచ్చేవాళ్ళలో ఫిష్ అండ్ గేమ్ అధికారులతో పాటు ఆండ్రోస్కాగిన్ వ్యాలీ, మౌంటెన్ రెస్క్యూ సర్వీస్ లాంటి దళాల వాలంటీర్లుంటారు. వాళ్ళకు జీతం లేదు, అన్నం ముందు నుంచి లేచొస్తారు. వాళ్ళ శనివారం రాత్రి భోజనం చెడగొట్టకండి.